సూది ఉంటుంది, మందు ఉండదు

ఆక్యుపంక్చర్ గురించి ఈ మధ్య వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం మొదటిసారి వెళ్లబోతున్నవారివే. చాలామంది ముందుగా అడిగింది నొప్పి గురించి. దాన్ని మొదటి జవాబులోనే తేల్చేసి, సూది కొత్తదేనా, గుచ్చేవారెవరు, జబ్బేమిటో ముందు తేలిందా అన్నవాటికి ఎక్కువ చోటు ఇచ్చాం.

ఇంజక్షన్ అంటేనే నాకు చెమటలు పడతాయి. మోకాళ్ల నొప్పులకి ఆక్యుపంక్చర్ చేయించుకోమని మా ఆడపడుచు పోరుతోంది. ఒకేసారి పదిహేను సూదులు గుచ్చుతారట. తట్టుకోగలనా?
— ఒక గృహిణి, తెనాలి

మన వాడుకలో సూదిమందు అంటే ఇంజక్షనే. అందుకే సూది అనగానే మనసు అటే పోతుంది. ఇక్కడ సూది ఉంటుంది గానీ మందు ఉండదు. ఇంజక్షన్ సూది బోలుగా ఉండే గొట్టం. కొన ఏటవాలుగా చెక్కి ఉంటుంది కాబట్టి చర్మాన్ని కోసుకుంటూ దిగుతుంది. రక్తపరీక్షకు వాడే 21 గేజి సూది మందం సుమారు 0.8 మి.మీ. ఆక్యుపంక్చర్ సూది సన్నటి స్టీలు తీగ. ఎక్కువగా వాడేది 0.25 మి.మీ. మందంది, అంటే రక్తం తీసే సూదిలో మూడో వంతుకి కాస్త తక్కువే. ముఖానికైతే 0.16, 0.18 మి.మీ. సూదులు కూడా వాడతారు. కొన కోసేలా కాకుండా నున్నగా కూసుగా ఉంటుంది కాబట్టి కండ పోగుల్ని పక్కకి జరుపుకుంటూ వెళుతుంది.

గుచ్చే తీరు కూడా వేరు. సూది కంటే నాలుగైదు మిల్లీమీటర్లు పొట్టిగా ఉండే ప్లాస్టిక్ గొట్టంలో సూదిని ఉంచి, గొట్టాన్ని చర్మానికి ఆనించి నొక్కుతారు. పైకి పొడుచుకొచ్చిన పిడి కొసని చూపుడువేలితో టక్కున తడతారు. అప్పటికే గొట్టం ఒత్తిడి తెలుస్తుంటుంది కాబట్టి సూది దిగిన సంగతి చాలామందికి చీమ కుట్టినంతే. గొట్టం తీసేశాక సూదిని వేళ్ల మధ్య అటూ ఇటూ తిప్పుతూ లోతుకి దింపుతారు. అప్పుడు ఆ చోట బరువెక్కినట్టు, గుంజినట్టు, తిమ్మిరి పాకినట్టు ఉంటుంది. చైనా వైద్యులు దాన్ని ‘ద చి’ అంటారు, అది రావాలనే చూస్తారు. కొత్తవారు దాన్ని ఏదో తేడా జరిగిందనుకుని కంగారుపడుతుంటారు. కరెంటు కొట్టినట్టు జివ్వుమన్నా, నిప్పు పెట్టినట్టు మండినా మాత్రం ఓర్చుకోకండి, వెంటనే చెప్పండి. సూది నరానికి తగిలి ఉండొచ్చు. కొద్దిగా వెనక్కి లాగితే సరిపోతుంది.

అరచేయి, అరికాలు, వేళ్ల కొసలు, ముక్కు పక్కన గుచ్చితే చురుక్కుమంటుంది. తొడ, పిర్ర, మోకాలి కింద కండ ఉన్నచోట పెద్దగా తెలియదు. మీలాంటి భయస్తులకి మొదటిరోజు నాలుగైదు సూదులతో సరిపెట్టమని అడగండి. పడుకోబెట్టి చేయమనండి. ఈ రెండింటికీ ఒప్పుకోని చోట మీకు పని లేదు.

వచ్చే వారం మొదటి సిట్టింగ్. పరగడుపున వెళ్లాలా? వేసుకునే మాత్రలు ఆపాలా? ఏ బట్టలు వేసుకోవాలి? అక్కడ ఏం చేస్తారు?
— ప్రైవేటు ఉద్యోగి, వరంగల్

పరగడుపున మాత్రం వెళ్లకండి. రక్తపరీక్ష అలవాటు కొద్దీ చాలామంది ఏమీ తినకుండా వెళ్లి కళ్లు తిరిగి పడిపోతుంటారు. గంటన్నర, రెండు గంటల ముందు రెండు ఇడ్లీలో, ఒక చపాతీయో తినండి. పీకల దాకా తినేసి బోర్లా పడుకోవడమూ కష్టమే. కాఫీ తాగితే నాలుక రంగు మారుతుంది. నాలుక చూసి నిర్ణయించే పద్ధతి వారైతే ఆ రోజు కాఫీ, కిళ్లీ, నాలుక గీసుకోవడం మానేసి రమ్మంటారు. బీపీ, షుగరు, థైరాయిడ్, ఫిట్స్ మాత్రలు ఎప్పటిలాగే వేసుకోవాలి. ఎండలో బండి తొక్కుకుంటూ, రొప్పుతూ వెళ్తే పది నిమిషాలు కూర్చున్నాకే బల్ల ఎక్కండి.

మోచేతి పైదాకా, మోకాలి పైదాకా మడవడానికి వీలున్న వదులు బట్టలు చాలు. బిగుతు జీన్స్ వద్దు. పట్టీలు, గాజులు ఇంట్లోనే తీసేసి వెళితే అక్కడ వెతుక్కునే బాధ ఉండదు.

మొదటిరోజు గంట దాకా పట్టొచ్చు. అందులో సగం మాటలకే పోవాలి: నొప్పి ఎప్పుడు మొదలైంది, ఏం చేస్తే పెరుగుతుంది, నిద్ర, ఆకలి, విరేచనం, ఆడవారికైతే నెలసరి. నాడి చూడొచ్చు. ఐదు నిమిషాల్లో సూదులు మొదలయ్యాయంటే అందరికీ ఒకే చోట్ల గుచ్చేస్తున్నారని అర్థం. వేసుకునే మాత్రల చీటీలు, స్కానింగ్ రిపోర్టులు పట్టుకెళ్లండి. రక్తం పలచబరిచే మందులు, పేస్‌మేకరు, గుండె కవాటం ఆపరేషను, ఫిట్స్, గర్భం, ఇంతకుముందు ఇంజక్షనుకి కళ్లు తిరగడం, గిల్టు నగలు పెట్టుకుంటే దద్దుర్లు రావడం వంటివి వాళ్లు అడగకపోయినా మీరే చెప్పాలి. స్టీలులో నికెల్ ఉంటుంది కాబట్టి గిల్టు నగలు పడనివారికి సూది చుట్టూ దురద రావచ్చు.

తర్వాత చర్మాన్ని 70 శాతం ఆల్కహాలు దూదితో తుడుస్తారు. అది ఆరాకే గుచ్చాలి. తడి మీద గుచ్చితే చుర్రుమని మండుతుంది. అందులో సూది తప్పేమీ లేదు, తొందర తప్పు. సూదుల్ని 15 నుంచి 30 నిమిషాలు ఉంచుతారు. ఆ కాసేపూ కదలకూడదు. చేతికి సూదులు ఉండగా ఫోను అందుకోబోయి సూది వంచుకునేవారు చాలామందే. తుమ్ము, దగ్గు వచ్చేలా ఉన్నా, కాలు పట్టేసినా పిలవండి. పిలిస్తే వినపడే దూరంలో మనిషి ఉన్నారో లేదో, గంట ఉందో లేదో పడుకునే ముందే చూసుకోండి.

ఇక కళ్లు తిరగడం. మొదటిసారి వచ్చినవారికి, అందులోనూ కుర్చీలో కూర్చోబెట్టి మెడకి, భుజానికి గుచ్చినవారికి ఇది ఎక్కువ. ముందు ఆవలింతలు, తర్వాత చల్లటి చెమట, చెవుల్లో హోరు, కళ్ల ముందు చీకట్లు. ఆ దశలోనే చెప్పేయాలి, మొహమాటపడి ఊరుకోకూడదు. అన్ని సూదులూ తీసేసి, వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్ల కింద దిండ్లు పెడతారు. తేరుకున్నాక పంచదార నీళ్లు ఇస్తారు. ఐదు పది నిమిషాల్లో సర్దుకుంటుంది. ఆ రోజుకి మళ్లీ సూదులు వద్దు.

ఒక్కోసారి తీసేటప్పుడు సూది రాదు. కండ బిగుసుకుంటేనో, ఒకే వైపు ఎక్కువ తిప్పితే పోగులు చుట్టుకుంటేనో అలా అవుతుంది. గట్టిగా లాగకూడదు. కాసేపు వదిలేసి, చుట్టూ మెల్లగా నిమిరి, తిప్పిన దిక్కుకి ఎదురు తిప్పితే వదులవుతుంది. ఇంకా రాకపోతే పక్కనే మరో సూది వేస్తే కండ పట్టు సడలుతుంది. చివరగా, ఎన్ని సూదులు వేశారో అన్నీ తీశారో లేదో లెక్క చూసుకోండి. జుట్టులో వేసినదీ, చెవి వెనక వేసినదీ మర్చిపోవడం ఎక్కడైనా జరిగేదే.

మేం వెళ్లే సెంటర్‌లో ప్రతి పేషెంటు సూదుల్నీ పేరు రాసిన సీసాలో దాచి, మరిగించి మళ్లీ వాడుతున్నారు. ‘మీవి మీకేగా, భయమేముంది’ అంటున్నారు. నిజమేనా?
— రిటైర్డు టీచరు, కాకినాడ

భయముంది. నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. ఆ వేడికి బీజాలుగా మారి దాక్కునే కొన్ని బ్యాక్టీరియాలు చావవు. వాటిని చంపాలంటే ఆటోక్లేవ్ కావాలి: ఒత్తిడితో కూడిన ఆవిరి, 121 డిగ్రీలు, కనీసం 15 నిమిషాలు. స్పిరిటు దూదితో తుడవడం అసలు లెక్కలోకే రాదు. హెపటైటిస్-బి వైరస్ ఎండిన రక్తపు మరకలో వారం రోజుల దాకా బతికి ఉంటుంది. సీసాలు తారుమారైతే? ఒకే గిన్నెలో మరిగిస్తే ఎవరి సూది ఎవరిదో ఎలా తెలుస్తుంది? అవన్నీ సవ్యంగా జరిగినా మరో చిక్కుంది. వాడిన సూది కొన మొద్దుబారి కొక్కెంలా వంగుతుంది, కాబట్టి గుచ్చినప్పుడు గీరుతుంది. పదేపదే వంగిన తీగ పిడి మొదట్లో బలహీనపడి, విరిగేది కూడా అక్కడే.

ఒకసారి వాడి పారేసే సూదులు దొరుకుతున్న రోజుల్లో దీన్ని సమర్థించే కారణం ఏదీ లేదు. మీ కళ్ల ముందే పొట్లం చింపమనండి. పొట్లం మీద మూడు చూడండి: స్టెరైల్ అన్న ముద్ర, గడువు తేదీ, గుండ్రటి గీతలో 2 అంకె రాసి అడ్డంగా కొట్టేసిన గుర్తు. ఆ గుర్తుకి ‘మళ్లీ వాడొద్దు’ అని అర్థం. ఐదో పదో సూదులున్న పొట్లం చింపితే మిగిలినవి తర్వాత వచ్చే మనిషికి దాచకూడదు.

తీసిన సూదులు ఎక్కడ పడుతున్నాయో కూడా ఒక కన్నేయండి. 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నిబంధనల ప్రకారం సూదుల వంటి పదునైనవి గుచ్చుకుపోని తెల్లటి డబ్బాలో వేయాలి. ఆ డబ్బా బల్ల పక్కన కనిపించాలి. స్టీలు పళ్లెంలో వేసి లోపలికి పట్టుకుపోతుంటే, అవి తిరిగి ఎవరి ఒంట్లోకి వెళ్తాయో అడగడంలో తప్పులేదు.

ఇన్నాళ్లూ అక్కడే చేయించుకున్నారు కాబట్టి హెపటైటిస్-బి, హెపటైటిస్-సి, హెచ్‌ఐవి రక్తపరీక్షలు ఒకసారి చేయించుకోండి.

చేసే ఆయన గోడ మీద నాలుగు సర్టిఫికెట్లున్నాయి. ఏది అసలుదో మాకెలా తెలుస్తుంది?
— కిరాణా వ్యాపారి, కరీంనగర్

మన దేశంలో ఈ వైద్యం కొత్తదేమీ కాదు. 1938లో చైనాకి వెళ్లిన భారత వైద్య బృందంలో డాక్టర్ కొట్నీస్‌తో పాటు ఉన్న డాక్టర్ బిజయ్ కుమార్ బసు, తర్వాత మళ్లీ చైనా వెళ్లి ఆక్యుపంక్చర్ నేర్చుకుని 1959లో కలకత్తాలో మొదలుపెట్టారు. 2003 నవంబరులో కేంద్ర ఆరోగ్యశాఖ దీన్ని ఒక చికిత్సా పద్ధతిగా ఒప్పుకుంటూ, రిజిస్టరైన వైద్యులు గానీ తగిన శిక్షణ పొందినవారు గానీ చేయవచ్చని చెప్పింది. పశ్చిమ బెంగాల్, మహారాష్ట్ర ప్రత్యేక చట్టాలు తెచ్చాయి. చిక్కంతా ఆ ‘తగిన శిక్షణ’ దగ్గరే. ఎవరికి వారు తమది తగినదే అనుకుంటారు.

మన దగ్గర నికరంగా అడగగలిగినవి ఇవి. బీఎన్‌వైఎస్ చదివిన ప్రకృతి వైద్యులు ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు చదువుతారు, వారి పాఠాల్లో ఆక్యుపంక్చర్ ఉంటుంది. హైదరాబాదు గాంధీ ప్రకృతి వైద్య కళాశాల నుంచి వచ్చినవారు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. ఎంబీబీఎస్ చేసి విడిగా నేర్చుకున్నవారూ ఉంటారు. మిగిలినవారిని ‘ఎన్ని గంటలు నేర్చుకున్నారు, అందులో రోగుల మీద ఎన్ని’ అని సూటిగా అడగండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో ఇచ్చిన మార్గదర్శకాల్లో వైద్యులు కానివారికి పూర్తి శిక్షణ 2,500 గంటలు, అందులో వెయ్యి గంటలు ప్రాక్టికల్స్. అప్పటికే డాక్టరైనవారు తమ వైద్యానికి తోడుగా వాడుకోవాలన్నా కనీసం 200 గంటలు. వారాంతపు క్లాసులో రెండు రోజులు కూర్చుని తెచ్చుకున్న కాగితం ఈ లెక్కలో ఎక్కడ నిలుస్తుందో మీరే చూసుకోండి.

ఫిజియోథెరపిస్టులు చేసే డ్రై నీడిలింగ్ వేరు. సూది అదే అయినా, కండలో ముడిపడ్డ చోటే వెతికి గుచ్చుతారు. ఒంట్లో నాడుల వెంట ‘చి’ అనే ప్రాణశక్తి ప్రవహిస్తుందన్న చైనా వైద్యపు లెక్కలు ఉండవు. కండ ఒక్కసారిగా ఎగిరిపడుతుంది, రెండు రోజులు సలుపుతుంది.

బోర్డు మీద నడుము నొప్పి నుంచి కిడ్నీ ఫెయిల్యూరు దాకా నలభై జబ్బులు రాశారు. నిజంగా దేనికి పనిచేస్తుంది?
— రైతు, అనంతపురం జిల్లా

నొప్పులకి కొంత. వాంతికి, వికారానికి కొంత. బోర్డు మీద మిగిలినవాటిలో చాలావాటికి నమ్మదగిన రుజువు లేదు. కిడ్నీ ఫెయిల్యూరు, షుగరు, క్యాన్సరు తగ్గిస్తామని రాసిన బోర్డు కింద నిలబడకండి.

నొప్పుల విషయంలో కూడా కథ సూటిగా లేదు. జర్మనీలో 1,162 మంది నడుము నొప్పి రోగుల మీద చేసి 2007లో ప్రచురించిన పరీక్షే చూడండి. కొందరికి అసలు ఆక్యుపంక్చర్, కొందరికి ఈ వైద్యం చెప్పే బిందువులు కాని చోట్ల పైపైన గుచ్చే ఉత్తుత్తి ఆక్యుపంక్చర్, కొందరికి మందులు, వ్యాయామాలతో మామూలు వైద్యం. ఆరు నెలలకి మెరుగైనవారు వరసగా 47.6 శాతం, 44.2 శాతం, 27.4 శాతం. మామూలు వైద్యం కంటే సూదులు బాగా పనిచేశాయి. కానీ ఎక్కడ గుచ్చామన్నది పెద్ద తేడా తేలేదు. ఈ ఒక్క పరీక్షనే చూపించి ‘చూశారా, పనిచేసింది’ అని ఒకరూ, ‘చూశారా, అంతా భ్రమే’ అని ఒకరూ అంటారు. దేశాలూ అలాగే విడిపోయాయి. జర్మనీ ప్రభుత్వ బీమా 2007 నుంచి నడుము, మోకాలి నొప్పులకి డబ్బు కడుతోంది. బ్రిటన్‌లో వైద్య ప్రమాణాలు నిర్ణయించే నైస్ సంస్థ 2016లో నడుము నొప్పికి, 2022లో మోకీళ్ల అరుగుదలకి ఆక్యుపంక్చర్ ఇవ్వొద్దంది. మళ్లీ అదే సంస్థ తరచూ వచ్చే బిగుతు తలనొప్పికి ఐదు నుంచి ఎనిమిది వారాల్లో పది సిట్టింగుల దాకా ప్రయత్నించవచ్చంటుంది. ఎక్కువకాలంగా వేధించే నొప్పికి, మందులు పడనివారికి, ఇది ఒకసారి ప్రయత్నించి చూడదగ్గదే అని మా అభిప్రాయం.

జబ్బేమిటో ముందు తేలాలి. నడుము నొప్పితో పాటు మూత్రం ఆగకపోయినా, రాకపోయినా, పిరుదుల మధ్య స్పర్శ పోయినా, జ్వరం ఉన్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా ముందు ఆసుపత్రికి. మూతి వంకరపోతే చాలామంది నేరుగా సూదులకి పరిగెడతారు. అది ముఖ నరం వాపు అయితే మొదటి 72 గంటల్లో మొదలుపెట్టే స్టెరాయిడ్ మాత్రలే కోలుకునే అవకాశాన్ని పెంచుతాయి. పక్షవాతమైతే, రక్తపు గడ్డ కరిగించే ఇంజక్షనుకి గడువు నాలుగున్నర గంటలే. నుదురు ముడతలు పడుతూ మూతి ఒక్కటే వంకరపోయినా, మాట ముద్దగా వచ్చినా, చెయ్యి పట్టు తప్పినా పక్షవాతం అనుకునే కదలాలి.

షుగరు మాత్రలు వేసుకుంటుంటే ‘చి’ ప్రవహించదు, ముందు అవి ఆపేయండి అన్నారు. ఆపాలా?
— ఒక పాఠకుడు, గుంటూరు

ఆపాల్సింది వాళ్ల దగ్గరికి వెళ్లడం. ఇన్సులిన్ మీద ఉన్నవారు ఒక్కసారిగా మానేస్తే రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. బీపీ, ఫిట్స్, గుండె మందులదీ ఇదే సంగతి. మందు తగ్గించాలన్నా ఆ మందు రాసిన డాక్టరే, రీడింగులు చూసి తగ్గించాలి.

నాన్నగారికి 71 ఏళ్లు. స్టెంటు వేశారు, క్లోపిడోగ్రెల్, ఆస్పిరిన్ వాడుతున్నారు. పేస్‌మేకరు కూడా ఉంది. భుజం పట్టేసింది. సూదులు వేయించవచ్చా?
— ప్రభుత్వ ఉద్యోగిని, నిజామాబాద్

వేయించవచ్చు, షరతులతో. క్లోపిడోగ్రెల్, ఆస్పిరిన్ మానకూడదు, స్టెంటు మూసుకుపోయే ప్రమాదం ఉంది. సన్నటి సూదులు, తక్కువ లోతు, తీశాక ప్రతి చోటా రెండు మూడు నిమిషాలు దూదితో నొక్కి పట్టడం చాలు. రక్తం పలచబరిచే వార్ఫరిన్ వాడేవారైతే, రక్తం గడ్డకట్టే వేగాన్ని చూపే ఐఎన్ఆర్ పరీక్ష ఇటీవలిది చూపించాకే.

పేస్‌మేకరు ఉన్నవారికి సూదులకి క్లిప్పులు తగిలించి కరెంటు పంపే ఎలక్ట్రో పద్ధతి వద్దు. ఆ క్లిప్పులున్న యంత్రం పక్కనే ఉంటుంది, అలవాటు కొద్దీ తగిలించేస్తారు. అందుకని ప్రతిసారీ చెప్పండి.

సందర్భం వచ్చింది కాబట్టి మిగిలినవి కూడా: గర్భిణులకి బొటనవేలు-చూపుడువేలు మధ్య కండ, చీలమండ లోపలి వైపు నాలుగు వేళ్ల పైన, భుజం మీది గుబ్బ వంటి బిందువులు వదిలేయడం ఆనవాయితీ. రొమ్ము క్యాన్సరు ఆపరేషన్‌లో చంక గ్రంథులు తీసేసినవారికి ఆ చేతికి గుచ్చకూడదు. కీలు మార్చినవారికి ఆ కీలులోకి గుచ్చకూడదు. కృత్రిమ కవాటం ఉన్నవారు చెవిలో రోజుల తరబడి ఉంచే చిన్న ముళ్ల సూదులు పెట్టించుకోకూడదు, అక్కడ చీము పడితే గుండెకి పాకుతుంది.

రెండో సిట్టింగ్ తర్వాత చేతి మీద నల్లగా కమిలింది, రోజంతా నిద్ర ముంచుకొచ్చింది. నొప్పి కూడా పెరిగింది. మానేయాలా?
— సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, హైదరాబాద్

ఈ మూడూ మామూలే. కమిలిన చోట మొదటిరోజు చల్లటి గుడ్డ, మర్నాటి నుంచి గోరువెచ్చటి కాపడం. వారంలో రంగు మారి పోతుంది. నొప్పి పెరగడం రెండు రోజుల్లో తగ్గాలి. తగ్గకపోతే తర్వాతిసారి సూదులు, సమయం తగ్గించమనండి. నిద్ర వచ్చే తత్వమైతే బండి నడుపుకుంటూ వెళ్లకండి. 2009లో జర్మనీ నుంచి వచ్చిన ఒక పెద్ద లెక్కలో 2,29,230 మంది రోగుల్లో 8.6 శాతం మంది ఏదో ఒక ఇబ్బంది చెప్పారు. ఎక్కువమందికి అది రక్తం రావడం, కమలడమే. ఊపిరితిత్తికి చిల్లు పడి దాని చుట్టూ గాలి చేరింది మాత్రం ఇద్దరికి.

ఆ ఇద్దరి సంగతి అరుదే అయినా తెలిసి ఉండాలి. మెడకీ భుజానికీ మధ్య గుబ్బగా ఉండే కండ ఎప్పుడూ కంప్యూటరు ముందు కూర్చునేవారికి రాయిలా బిగుస్తుంది, అందరూ అక్కడే గుచ్చమంటారు. దాని కిందే ఊపిరితిత్తి పైకొస ఉంటుంది. సన్నగా ఉన్నవారిలో అది చర్మం నుంచి ఒకటి రెండు సెంటీమీటర్ల లోతులోనే. అక్కడ 40 మి.మీ. సూదిని నిటారుగా దింపితే పొరకి చిల్లు పడుతుంది. తెలిసినవారు కండని వేళ్లతో పైకి పట్టి, పొట్టి సూదిని ఏటవాలుగా వేస్తారు. భుజం, వీపు, ఛాతీ మీద సూదులు వేయించుకున్నాక కొన్ని గంటలకైనా, మర్నాడైనా ఊపిరి పీల్చినప్పుడు ఛాతీలో పొడిచినట్టున్నా, ఆయాసం, పొడిదగ్గు వచ్చినా అత్యవసర విభాగానికి వెళ్లి ‘నిన్న ఇక్కడ సూదులు వేశారు’ అని మొదటి మాటగా చెప్పండి. ఛాతీ ఎక్స్‌రే తీస్తారు. అది తేలే దాకా విమానం ఎక్కకూడదు.

ఎన్ని సిట్టింగులు? ‘ఇంకో పది, ఇంకో పది’ అంటూనే ఉన్నారు.
— ఆటో డ్రైవరు, విజయవాడ

వారానికి ఒకటి రెండు చొప్పున ఐదారు సిట్టింగులయ్యాక ఆగి చూడండి. మొదటిరోజే రెండు సంగతులు కాగితం మీద రాసుకోవాలి. నొప్పి పదికి ఎంత అన్నది ఒకటి. ఆ నొప్పి వల్ల చేయలేకపోతున్న పని ఏది అన్నది రెండోది: ఎన్ని గంటలు సీట్లో కూర్చోగలుగుతున్నారు, నేల మీద నుంచి చెయ్యి ఆనించకుండా లేస్తున్నారా, రాత్రి ఎన్నిసార్లు మెలకువ వస్తోంది. అంకె కంటే ఈ రెండోదే నిజం చెబుతుంది. ఆరింటికి ఏ మార్పూ లేకపోతే మానేయండి. మార్పుంటే పది దాకా సాగించి, తర్వాత రెండు మూడు వారాలకొకటిగా ఎడం పెంచుకుంటూ ఆపేయాలి. ముప్ఫై సిట్టింగుల ప్యాకేజీకి ముందే డబ్బు కట్టకండి.

న్యూజెర్సీలో ఉంటున్నాను, 67 ఏళ్లు. ఇక్కడ పెద్దవయసువారికి ప్రభుత్వమిచ్చే ఆరోగ్య బీమా మెడికేర్ దీనికి డబ్బు ఇస్తుందా?
— ఒక పాఠకుడు

నడుము నొప్పి 12 వారాలకి పైబడి ఉండి, దానికి ఆపరేషను, క్యాన్సరు, ఇన్ఫెక్షను వంటి కారణం లేకపోతే ఇస్తుంది. 2020 నుంచి ఈ సదుపాయం ఉంది. 90 రోజుల్లో 12 సిట్టింగులు. మెరుగు కనిపిస్తే ఇంకో 8. ఏడాదికి 20 మించదు. మెడ, మోకాలు ఇందులోకి రావు.

సూది పైన ఏదో ఆకు ముద్ద పెట్టి వెలిగించారు. అదేమిటి?
— ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

మోక్సా అంటారు. వినాయకచవితి నాడు ఇరవై ఒక్క పత్రిలో మొదటగా పెట్టే మాచిపత్రి ఉంది చూశారూ, దాని దగ్గరి చుట్టం. ఎండిన ఆకుని దంచి జల్లిస్తే వచ్చే దూదిలాంటి నూగు అది. నిదానంగా, మంట లేకుండా రాజుకుంటుంది. వేడి హాయిగా ఉంటుంది. పొగ ఉబ్బసం ఉన్నవారికి పడదు. షుగరుతో పాదాల్లో స్పర్శ తగ్గినవారికి పెట్టకూడదు, కాలినా తెలియదు, పుండు మానదు. ఎర్ర దీపంతో కాపడం పెట్టేటప్పుడూ అదే జాగ్రత్త.

సూదులు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. వీడియో చూసి ఇంట్లో వేసుకోవచ్చా? బస్సు ప్రయాణంలో వాంతులకి మణికట్టు దగ్గర గుచ్చుకోవాలని చూశాను.
— డిగ్రీ విద్యార్థి, శ్రీకాకుళం

సూది వద్దు. మీరు చూసిన చోట సరిగ్గా చేతిలోకి వెళ్లే పెద్ద నరం ఉంది. వేలితో నొక్కడం చాలు, దానికి ఎవరి సాయమూ అక్కర్లేదు. అరచేయి పైకి పెట్టి, రెండో చేతి మూడు వేళ్లు, చూపుడు, మధ్య, ఉంగరపు వేళ్లు, మణికట్టు ముడత నుంచి మోచేయి వైపుకి అడ్డంగా ఆనించండి, ఉంగరపు వేలు ముడత పక్కనే ఉండాలి. వేళ్లు మీవే అయి ఉండాలి, కొలత మనిషిని బట్టి మారుతుంది. చూపుడువేలు ముగిసిన చోట, పిడికిలి బిగిస్తే తేలే రెండు నరాల్లాంటి కండర తాళ్ల మధ్య గుంట తగులుతుంది. అక్కడ బొటనవేలితో, గోరు దిగకుండా, నొప్పికి కాస్త తక్కువగా రెండు మూడు నిమిషాలు నొక్కి, చెయ్యి మార్చండి. బస్సు కదలక ముందే మొదలుపెట్టాలి. ఘాటు రోడ్డు మలుపుల్లో కడుపు తిప్పడం మొదలయ్యాక నొక్కితే అంత ఫలితం ఉండదు.